కనిపించని సుడుల కొలత

గాలి కంటికి కనిపించదు. ఆకు కదిలితే గాలి వీస్తున్నదని తెలుసుకుంటాం. పొగ వంగితే అది ఏ దిక్కుకు పోతున్నదో చెప్పగలుగుతాం. అయితే దిక్కు, వేగం తెలిసినంత మాత్రాన గాలిని గురించి అంతా తెలిసినట్లు కాదు. ఆ గాలి ఎలా నడుస్తున్నదో కూడా తెలియాలి.

వెలుగుతున్న అగరుబత్తిని గాలి తగలని గదిలో ఉంచి చూడండి. పొగ మొదట జానెడు ఎత్తు వరకు దారంలా నిటారుగా లేస్తుంది. ఆ పైన ఒక్కసారిగా మెలికలు తిరిగి, సుడులుగా విడిపోయి, చుట్టూ ఉన్న గాలిలో కలిసిపోతుంది. కింది భాగంలో పొరలు పొరలుగా సాగే నడకను ధారారేఖా ప్రవాహం అంటారు. పై భాగంలోని చెదిరిన నడకను సంక్షుబ్ధ ప్రవాహం అంటారు. ఈ చెదిరే గుణమే సంక్షుబ్ధత. 1883లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త గాజు గొట్టంలో పారే నీటిలోకి రంగునీటి తీగను పంపి ఈ రెండు నడకల భేదాన్ని స్పష్టంగా చూపించాడు. నీటికి రంగు కలపవచ్చు. పదిహేను కిలోమీటర్ల ఎత్తున వీచే గాలికి రంగు కలపడం ఎలా? అక్కడి సుడులను చూడడం ఎలా? అవి ఏ వేళ పెరుగుతాయో, ఏ ఋతువులో తగ్గుతాయో తెలుసుకోవడం ఎలా? ఈ ప్రశ్నలకు రాడార్ సమాధానం చెప్పింది.

ఎందుకు కొలవాలి?

2024 మే 21వ తేదీన లండన్ నుంచి సింగపూర్ వెళుతున్న ఒక పెద్ద విమానం మయన్మార్ మీదుగా సుమారు 11 కిలోమీటర్ల ఎత్తున పోతూ తీవ్రమైన సంక్షుబ్ధతలో చిక్కుకున్నది. కొద్ది క్షణాలలోనే బెల్టు కట్టుకోనివారు పైకప్పుకు కొట్టుకున్నారు. ఒక ప్రయాణికుడు మరణించాడు. అనేకమంది గాయపడ్డారు. విమానాన్ని బ్యాంకాక్‌లో దించవలసి వచ్చింది. విమానం ముక్కులో ఉండే రాడార్ వాన చినుకులను చూడగలదు గాని, మేఘం లేని చోట తిరిగే గాలి సుడులను చూడలేదు.

దీనిని బట్టి సుడులు ఎప్పుడూ హాని చేసేవే అనుకోరాదు. సుడులు లేకపోవడం కూడా ప్రమాదమే. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లోని పురుగుమందుల కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు వెలువడింది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. ప్రమాదానికి కారణం కర్మాగారంలోని లోపాలే. అయితే ఆ వాయువు గాలికంటే బరువైనది. పైగా అది చలికాలపు రాత్రి. నేలను ఆనుకొని ఉన్న గాలి చల్లబడి కదలిక లేకుండా నిలిచి ఉన్నది. విషాన్ని పైకి ఎత్తి, పలుచన చేసి, చెదరగొట్టే సుడులు ఆ వేళ బలహీనంగా ఉన్నాయి. అందువల్ల వాయువు నేల వెంబడే ఇళ్ల మధ్యకు పాకింది. అదే వాయువు ఎండ కాసే మధ్యాహ్నం వెలువడి ఉంటే మరింత త్వరగా పలుచబడేది.

కాబట్టి సుడులు శత్రువులా, మిత్రులా అని అడగడం కంటే, అవి ఎక్కడ, ఎప్పుడు, ఎంత బలంగా ఉంటాయి అని అడగడం మంచిది. నేల వేడిని, చెరువుల తేమను పైకి చేరవేసేవి ఈ సుడులే. ఊరి పొగను పలుచన చేసేవి ఇవే. పై పొరలలోని వాయువులను కింది పొరలలో కలిపేవి కూడా ఇవే. వీటి లెక్క సరిగా తెలియకపోతే వాతావరణ సూచన కూడా సరిగా రాదు.

సుడులు పుట్టే తీరు

గాలిలో సుడులు పుట్టడానికి ముఖ్యంగా రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది వేడి. ఎండకు నేల కాగుతుంది. నేలను తాకిన గాలి వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. పైనున్న చల్లని గాలి దాని చోటికి దిగుతుంది. పొయ్యి మీద ఎసరు తెర్లినట్లు గాలి కూడా తెర్లుతుంది.

రెండవది గాలి పొరల మధ్య వేగభేదం. ఒక పొర నెమ్మదిగా, దాని పైపొర వేగంగా పోతున్నప్పుడు రెండింటి నడుమ ఒరిపిడి పుడుతుంది. కింద చల్లని బరువైన గాలి, పైన వెచ్చని తేలికైన గాలి ఉంటే పొరలు కలియకుండా నిలబడటానికి ప్రయత్నిస్తాయి. వేగభేదం వాటిని చీల్చి కలపడానికి ప్రయత్నిస్తుంది. ఈ పోటీలో ఎవరిది పైచేయి అన్నది చెప్పే సంఖ్యకు రిచర్డ్‌సన్ సంఖ్య అని పేరు. లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1920లో ఈ విషయాన్ని చర్చించాడు. పొరల నిలకడను వేగభేదంతో పోల్చి చెప్పే ఈ సంఖ్య నాలుగోవంతు కంటే తగ్గినప్పుడు పొరలు చిట్లి సుడులుగా మారే అవకాశం ఏర్పడుతుంది.

పుట్టిన పెద్ద సుడి అలాగే ఉండిపోదు. అది చిన్న సుడులుగా విడిపోతుంది. అవి ఇంకా చిన్నవి అవుతాయి. చివరకు అతి చిన్న సుడుల శక్తి గాలి జిగట వల్ల వేడిగా మారి అణగిపోతుంది. రష్యా గణితవేత్త కొల్మొగోరొవ్ 1941లో ఈ శక్తి ప్రవాహానికి గణిత రూపం ఇచ్చాడు. ఒక కిలోగ్రాము గాలిలో ఒక సెకనుకు ఎంత శక్తి ఇలా వేడిగా మారుతున్నదో చెబితే సంక్షుబ్ధత బలం చెప్పినట్లే. నేలకు దూరంగా, ప్రశాంతమైన వేళల్లో ఈ విలువ ఒక జౌలులో వెయ్యోవంతో, పదివేలవంతో ఉంటుంది. అంత స్వల్పమైన దానిని నేల మీద నుంచే పసిగట్టాలి.

గాదంకి రాడార్

తొలి రాడార్లు విమానాలను, ఓడలను కనిపెట్టడానికి పుట్టాయి. ఏ వస్తువూ లేని నిర్మలమైన గాలి నుంచి కూడా ప్రతిధ్వని వస్తుందని, దానితో పై వాతావరణాన్ని పరిశీలించవచ్చని 1974లో వుడ్‌మన్, గియెన్ అనే శాస్త్రవేత్తలు పెరూ దేశంలోని హికమార్కా రాడార్‌తో నిరూపించారు. ఆ తరువాత అనేక దేశాలు ఇటువంటి రాడార్లను నిర్మించుకున్నాయి. జపాన్‌లోని షిగరాకిలో 1984లో 475 ఆంటెన్నాలతో ఒకటి వెలసింది.

మన దేశంలో ఇటువంటి పెద్ద రాడార్ ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి సమీపాన, కొండల నడుమ ఉన్న గాదంకి అనే గ్రామం వద్ద ఉన్నది. ఈ చోటు చెన్నైకి వాయవ్య దిశలో సుమారు 120 కిలోమీటర్ల దూరం. ముంబైలో ప్రధాన కేంద్రం గల సమీర్ అనే ప్రభుత్వ సంస్థ దీనిని రూపొందించింది. 1990ల తొలి సంవత్సరాలలో ఇది పనిచేయడం ప్రారంభించింది. మీసో, స్ట్రాటో, ట్రోపో ఆవరణాలు మూడింటినీ పరిశీలించేది కాబట్టి దీనికి ఎం.ఎస్.టి. రాడార్ అని పేరు. దీనిని నడిపే కేంద్రమే నేడు అంతరిక్ష శాఖ కింద ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల.

రాడార్ అనగానే గిర్రున తిరిగే పెద్ద పళ్లెం గుర్తుకు వస్తుంది. గాదంకిలో అటువంటిదేమీ లేదు. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల మైదానంలో 1024 ఆంటెన్నాలు వరి నారు నాటినట్లు వరుసలుగా నిలబడి ఉంటాయి. పూర్వం ఇళ్ల మీద దూరదర్శన్ కోసం పెట్టుకొన్న కడ్డీల ఆంటెన్నాల వంటివే ఇవి. వీటిలో ఏదీ కదలదు. ఒక్కొక్క ఆంటెన్నాకు తరంగాన్ని ఏ క్షణాన అందించాలో స్వల్పంగా మార్చడం ద్వారా కిరణపుంజాన్ని నిట్టనిలువుకు గాని, తూర్పు, పడమర, ఉత్తర, దక్షిణాలకు కొంచెం వాల్చి గాని పంపుతారు. మొదట 32 ప్రేషకాలు కలిసి 25 లక్షల వాట్ల గరిష్ఠ శక్తితో స్పందాలను పంపేవి. తరువాతి కాలంలో ఒక్కొక్క ఆంటెన్నాకు ఒక చిన్న ప్రేషకం చొప్పున అమర్చారు.

ఈ రాడార్ వాడే రేడియో తరంగాల పౌనఃపున్యం 53 మెగాహెర్ట్జ్. తరంగదైర్ఘ్యం సుమారు 5.7 మీటర్లు. గాలిలోని వేడి, తేమ చోటు చోటుకూ కొద్దిగా మారుతుంటే రేడియో తరంగాలను వంచే గుణం కూడా కొద్దిగా మారుతుంది. సుడులు వెచ్చని గాలిని, చల్లని గాలిని, తేమ గాలిని, పొడి గాలిని కలగలుపుతాయి కాబట్టి అక్కడ ఈ మార్పులు ఎక్కువ. ఒక్కొక్క మార్పు నుంచి తరంగంలో అతి స్వల్పమైన భాగం వెనక్కు వస్తుంది.

అన్ని పరిమాణాల సుడులూ రాడార్‌కు కనిపించవు. ఊయల ఊపేవారు సరైన సమయానికి తోస్తేనే ఊపు పెరుగుతుంది. అలాగే వెనక్కు వచ్చే చిన్న చిన్న తరంగాలు ఒకదానితో ఒకటి వేళ కలిస్తేనే ప్రతిధ్వని బలపడుతుంది. మార్పుల మధ్య ఎడం తరంగదైర్ఘ్యంలో సగం ఉన్నప్పుడు, పోవడానికీ రావడానికీ కలిపి ఒక పూర్తి తరంగం తేడా వచ్చి, అన్నీ వేళ కలుస్తాయి. అంటే గాదంకి రాడార్‌కు కనిపించేది సుమారు 2.8 మీటర్ల పరిమాణపు సుడులు. ఎత్తు తెలుసుకోవడం సులభం. రేడియో తరంగం 15 కిలోమీటర్ల పైకి పోయి తిరిగి రావడానికి సెకనులో పదివేలవంతు కాలం పడుతుంది. ప్రతిధ్వని వచ్చిన వేళను బట్టి అది ఏ ఎత్తు నుంచి వచ్చినదో తెలుస్తుంది. ఇలా 150 మీటర్లకు ఒకటి చొప్పున గాలిని మెట్లుగా విభజించి చూడవచ్చు.

కవాతు, తిరునాళ్లు

ప్రతిధ్వని వచ్చినంత మాత్రాన సుడుల బలం తెలియదు. దానికి డాప్లర్ ఫలితం తోడ్పడుతుంది. మన వైపు వచ్చే రైలు కూత హెచ్చు స్థాయిలోను, దూరమయ్యే రైలు కూత తగ్గు స్థాయిలోను వినిపిస్తుంది. 1842లో క్రిస్టియన్ డాప్లర్ చెప్పిన సూత్రం ఇదే. రేడియో తరంగాలకు కూడా ఇది వర్తిస్తుంది. గాలి సెకనుకు 1 మీటరు వేగంతో రాడార్ వైపు వస్తే, సెకనుకు 5 కోట్ల 30 లక్షల కంపనాలు గల తరంగంలో కలిగే తేడా ఒక కంపనంలో సుమారు మూడోవంతు మాత్రమే. అంత చిన్న తేడాను కూడా కంప్యూటర్లు లెక్కగట్టగలవు.

స్వాతంత్ర్య దినోత్సవం నాడు కవాతు చేసే దళాన్ని ఊహించండి. అందరి నడకా ఒకే వేగం. తిరునాళ్లలో జనాన్ని ఊహించండి. మొత్తం మీద జనం గుడి వైపే సాగుతుంటారు. అయినా ఒకరు ముందుకు ఉరుకుతారు, ఒకరు వెనక్కు తిరుగుతారు, పిల్లలు పక్కలకు పరుగెత్తుతారు. రెండు గుంపుల సగటు వేగం ఒకటే కావచ్చు. కాని వేగాల చెదరు వేరు. రాడార్ ప్రతిధ్వనిలో కూడా సగటు తేడా గాలి వేగాన్ని చెబుతుంది. తేడాల చెదరు, అంటే వర్ణపటం వెడల్పు, సుడుల బలాన్ని చెబుతుంది. వర్ణపటం సన్నగా ఉంటే గాలి కవాతు చేస్తున్నది. వెడల్పుగా ఉంటే అది తిరునాళ్లలో ఉన్నది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. రాడార్ కిరణపుంజం సన్నని దారం కాదు. దాని వెడల్పు సుమారు 3 డిగ్రీలు. 15 కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి అది దాదాపు 800 మీటర్ల మేర విచ్చుకుంటుంది. అక్కడ గాలి సెకనుకు 40 మీటర్ల వేగంతో అడ్డంగా, ఒక్క సుడి కూడా లేకుండా వీస్తున్నదనుకోండి. పుంజం ఒక అంచున ఆ గాలి సెకనుకు 1 మీటరు వేగంతో దగ్గరవుతున్నట్లు, రెండవ అంచున అంతే వేగంతో దూరమవుతున్నట్లు కనిపిస్తుంది. అంటే సుడులు లేకుండానే వర్ణపటం వెడల్పవుతుంది. నిజమైన సుడుల వేగం కూడా చాలాసార్లు అంతే, లేదా అంతకంటే తక్కువ. అందువల్ల ఈ కల్పిత వెడల్పును లెక్కగట్టి తీసివేసిన తరువాతనే అసలు కొలత మిగులుతుంది. గాలి ఎంత వేగంగా వీస్తే ఈ జాగ్రత్త అంత ముఖ్యం. తూకంలో గిన్నె బరువు తీసివేయకుండా నేతి బరువు చెప్పరాదు కదా!

ఒక దినం

పై గాలిని తెలుసుకోవడానికి వాతావరణ కేంద్రాలు చాలా కాలంగా పరికరాలు కట్టిన బెలూన్లను పంపుతున్నాయి. ప్రపంచమంతటా ఒకే సమయానికి వీటిని వదలాలని నియమం. మన దేశ కాలమానం ప్రకారం ఆ వేళలు ఉదయం ఐదున్నర, సాయంత్రం ఐదున్నర. ఉదయం ఐదున్నరకు నేల ఇంకా చల్లగానే ఉంటుంది. సాయంత్రం ఐదున్నరకు ఎండ వాలిపోయి ఉంటుంది. మధ్యలో నేల దగ్గరి గాలి ఎంతగా తెర్లినదో ఆ రెండు బెలూన్లకూ తెలియదు. పైగా బెలూన్ గాలితోపాటు కొట్టుకొని పోతుంది. రాడార్ ఒకే చోట నిలిచి, నిమిషాల వ్యవధిలో మళ్లీ మళ్లీ చూడగలదు.

గాదంకిలోని పెద్ద రాడార్‌కు కూడా ఒక పరిమితి ఉన్నది. తాను అరుస్తున్నంతసేపు ఎదుటివారి మాట వినపడనట్లే, స్పందాన్ని పంపుతున్నంతసేపు రాడార్‌కు ప్రతిధ్వని వినపడదు. నేలకు దగ్గరగా, సుమారు మూడు కిలోమీటర్ల లోపు గాలి నుంచి ప్రతిధ్వని మరీ త్వరగా వచ్చేస్తుంది. కాబట్టి ఆ భాగాన్ని చూడడానికి 1997లో జపాన్ సహకారంతో 1357 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై పనిచేసే చిన్న రాడార్‌ను అక్కడే నెలకొల్పారు. దానికి కనిపించేవి సుమారు 11 సెంటీమీటర్ల పరిమాణపు సుడులు. వాన చినుకులు, పక్షులు, పురుగులు కూడా దానికి కనిపిస్తాయి. చినుకులు వేగంగా కిందికి పడతాయి కాబట్టి వాటిని గుర్తించి వేరు చేయాలి.

ఇటువంటి రాడార్లు చూపిన దినచర్య ఇలా ఉంటుంది. మేఘాలు లేని రోజున సూర్యోదయ వేళకు నేల దగ్గరి గాలి చల్లగా, పొరలుగా నిలిచి ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ కింది నుంచి తెర్లడం మొదలవుతుంది. మొదట కొన్ని వందల మీటర్ల లోతు గల ఈ కలిసే పొర, రాత్రి ఏర్పడిన చల్లని పొరను కరిగించుకొంటూ పైకి పెరుగుతుంది. మధ్యాహ్నం రెండు మూడు గంటలకు అది ఒకటి నుంచి రెండు కిలోమీటర్ల ఎత్తుకు, గట్టి ఎండాకాలంలో ఇంకా పైకి చేరుతుంది. ఆ పొర కొసన తేమ గాలి, దాని పైనున్న పొడి గాలి కలుసుకొనే చోట ప్రతిధ్వని బలంగా వస్తుంది. రాడార్ పటంలో అది ఉదయం నుంచి మెల్లగా ఎక్కే గీతలా కనిపిస్తుంది. సూర్యుడు అస్తమించగానే వేడి ఆధారం పోతుంది. పొద్దుటి నుంచి గంటల తరబడి పెరిగిన పొర కొద్దిసేపటిలోనే బలహీనపడుతుంది. రాత్రికి మళ్లీ నేలను ఆనుకొని పలుచని, నిలకడైన పొర మిగులుతుంది.

పై ఎత్తులలో సూర్యుడి అదుపు ఇంత నేరుగా ఉండదు. అక్కడ పొరల మధ్య వేగభేదమే ప్రధానం. ఒక వేళ ప్రశాంతంగా ఉన్న పొర కొన్ని గంటలకే చిట్లవచ్చు. వేసవి సాయంత్రాలలో ఉరుముల మేఘాలు లేచినప్పుడు వాటి లోపలా, వాటి కొసల దగ్గరా సంక్షుబ్ధత ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే దినచర్యను తెలుసుకోవాలంటే రాడార్‌ను రాత్రింబగళ్లు ఆపకుండా నడపాలి. ఒక్క రోజు చాలదు. అనేక రోజుల కొలతలను కలిపి సగటు తీయాలి.

ఒక సంవత్సరం

ఋతువుల మార్పును తెలుసుకోవడానికి మరొక నియమం పాటించాలి. జనవరిలో ఉదయపు కొలతను, మే నెలలో మధ్యాహ్నపు కొలతను పోల్చరాదు. అలా పోలిస్తే కనిపించే తేడా ఋతువుదో, వేళదో చెప్పలేము. అందువల్ల ఒకే వేళకు, ఒకే పద్ధతిలో ఏళ్ల తరబడి కొలవాలి. గాదంకి పెద్ద రాడార్‌ను అనేక సంవత్సరాలపాటు ప్రతిదినం సాయంత్రం సుమారు ఒక గంట ఇలాగే నడిపారు. చూడడానికి విసుగు పుట్టించే పని ఇది. కాని ఋతుచక్రం బయటపడినది ఇటువంటి ఓపిక వల్లనే.

నేల దగ్గర మార్చి నుంచి మే వరకు నేల ఎండి, బాగా కాగుతుంది. కలిసే పొర అప్పుడు చాలా ఎత్తుకు పెరుగుతుంది. వానలు పడిన తరువాత ఎండ వేడిలో కొంత భాగం నేలలోని తడిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. మేఘాలు కూడా ఎండను ఆపుతాయి. అందువల్ల పొర అంత ఎత్తుకు పెరగదు. గాదంకి ప్రాంతానికి నైరుతి ఋతుపవనాల వానలు, ఈశాన్య ఋతుపవనాల వానలు రెండూ అందుతాయి. చలికాలపు తెల్లవారుజామున నేల దగ్గరి గాలి బాగా నిలకడగా ఉండి పొగను, మంచును కిందనే పట్టి ఉంచుతుంది.

పది కిలోమీటర్ల పైన కథ వేరు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు దక్షిణ భారతదేశం మీద సుమారు 15, 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక బలమైన గాలి నది ప్రవహిస్తుంది. దీని వేగం తరచుగా సెకనుకు 30 నుంచి 40 మీటర్లు ఉంటుంది. దీనిని ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం అంటారు. 1958లో దీని స్వరూపాన్ని శాస్త్రలోకానికి వివరించినవారు తెలుగువారైన పంచేటి కోటేశ్వరం. ఆయన తరువాత భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. ఈ ప్రవాహం నడుమ వేగం అత్యధికం. దానికి పైనా, కిందా వేగం త్వరగా తగ్గుతుంది. అంటే వేగభేదం అక్కడ ఎక్కువ. అందుచేత ఋతుపవన కాలంలో గాదంకి మీద ట్రోపో ఆవరణపు పై భాగంలో సంక్షుబ్ధత బలంగా కనిపిస్తుంది. పుంజం వెడల్పు వల్ల కలిగే కల్పిత తేడా అత్యధికమయ్యేది కూడా ఈ నెలలలోనే. కాబట్టి పరిశోధకులు ఈ కాలపు కొలతలను మరింత జాగ్రత్తగా సవరిస్తారు.

ఇదే పని జపాన్‌లోని షిగరాకి రాడార్‌తో చేసినప్పుడు క్రమం తలకిందులుగా కనిపించింది. అక్కడ ట్రోపో ఆవరణపు పై భాగాన సుడులు బలపడేది చలికాలంలో. కారణం వెతికితే సూత్రం మాత్రం ఒక్కటే. జపాన్ మీద పడమటి జెట్ ప్రవాహం అత్యంత బలంగా వీచేది చలికాలంలోనే. జెట్ ప్రవాహం ఏ ఋతువులో వస్తే సుడులు ఆ ఋతువులో పెరుగుతాయి. ఒక చోటి పట్టికను మరొక చోటికి తీసుకుపోయి వాడుకోలేము. అందుకే ప్రతి ప్రాంతానికీ దాని సొంత కొలతలు కావాలి. మన దేశంలో పుణెలోని పాషాన్‌లోను, కొచ్చిలోను వేరువేరు పౌనఃపున్యాలతో గాలిని కొలిచే రాడార్లను నెలకొల్పడానికి ఇదొక కారణం.

మనం చేయగల పరిశీలన

రాడార్ లేకపోయినా గాలి దినచర్యలో కొంత భాగాన్ని ఎవరైనా గమనించవచ్చు. చలికాలంలో తెల్లవారుజామున ఊరి అంచున నిలబడి చూస్తే వంటపొగ కొంత ఎత్తుకు లేచి, అక్కడ అడ్డంగా చాపలా పరుచుకొని ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటలకు అదే చోట లేచిన పొగ మెలికలు తిరిగి కొద్ది దూరంలోనే మాయమవుతుంది. వారం రోజులపాటు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఒకే వేళకు పొగ తీరును చూసి, తేదీ, వేళ, ఆకాశం స్థితి నోటు పుస్తకంలో రాసుకోండి. మేఘాలు కమ్మిన రోజున, వాన పడిన మరుసటి రోజున ఏ తేడా వచ్చినదో పోల్చండి. వేసవిలో మళ్లీ ఒక వారం ఇదే పని చేయండి. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, యానాంలోనైనా ఈ పరిశీలన చేయవచ్చు. సముద్రానికి దగ్గరి ఊళ్లలో మధ్యాహ్నం వీచే సముద్రపు గాలి ఫలితాన్ని కొంత మారుస్తుంది. ఆ మార్పు కూడా రాసుకోదగినదే.

ఈ చిన్న పట్టికకు, గాదంకిలోని వేయికి పైగా ఆంటెన్నాల పరికరానికి సాధనంలో ఎంతో తేడా ఉన్నది. పద్ధతిలో మాత్రం తేడా లేదు. ఒకే చోట, ఒకే వేళకు, ఒకే తీరున, ఓపికగా చూడడమే ఆ పద్ధతి. ఒక కర్మాగారానికి అనుమతి ఇచ్చేటప్పుడు మధ్యాహ్నపు గాలిని మాత్రమే చూసి పొగ చెదిరిపోతుందని నిర్ణయిస్తే, రాత్రి ఆ చుట్టుపక్కల నిద్రించేవారి సంగతి మరచినట్లే. కొలిచిన అంకె పక్కన కొలిచిన వేళ, కొలిచిన నెల లేకపోతే ఆ అంకెను నమ్మి ఏ నిర్ణయమూ చేయలేము.